మునగచెట్టుతో పేచీ

ఏప్రిల్ 3

మళ్ళీ ఆకులు. తెల్లారే ఆరేసిన ఎర్ర నూలు చుట్టల మీద, మా చిలపల మీద, పొద్దెక్కేసరికి ఎవరో కావాలని చల్లినట్టు మునగాకు. తడి నూలుకి అంటుకుందంటే దులిపితే పోదు, గోటితో ఒక్కొక్కటే గిల్లి తీయాలి. నాకూ, నూలుకి రంగులు వేసే మా షెడ్డులోని ఇద్దరు ఆడవాళ్ళకీ పొద్దుటి పని అదే అయిపోయింది. గొంగళిపురుగుల రోజులు వస్తే ఇక చూడక్కర్లేదు. రాస్తుంటేనే ఒళ్ళంతా దురద పెడుతోంది.

ఆ చెట్టు మాది కాదు. వెనకింటి అక్కది. గోడకి అవతల నిలబడి, కొమ్మలు మాత్రం ఇవతలికి చాచింది. నీడ వాళ్ళకి, చెత్త మాకు.

రేపు వెళ్ళి గట్టిగా అడుగుతాను. అడిగే ముందు ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఈ డైరీ ఇచ్చినప్పుడు అమ్మాయి పెట్టిన షరతే అది. నోరు పారేసుకునే ముందు ఒక పేజీ రాయాలట. కాలేజీ హాస్టల్లో కూర్చుని కూడా నా నోటికి కాపలా కాస్తోంది నా కూతురు.

ఏప్రిల్ 5

వెళ్ళాను. అడిగాను. అక్క ఎప్పటిలాగే నవ్వి, ఎండలు పోనివ్వు, నీ వైపు కొమ్మలు కొట్టించేస్తానంది. పిల్లలు ఆ నీడలోనే పడుకుంటున్నారట. ఉద్యోగాలకి వెళ్ళే తల్లులు పొద్దున్నే పసివాళ్ళని అక్క దగ్గర దింపి, సాయంత్రం ఎత్తుకుపోతారు. ఇరవయ్యేళ్ళ నుంచీ అదే పని. నా కూతురు పెరిగింది ఆ ఇంట్లోనే. నేను ఇక్కడ రంగుబానల ముందు నిలబడి ఉంటే, అది అక్కడ అక్క ఒళ్ళో పాలు తాగి, అక్క వేలు పట్టుకుని నడక నేర్చింది. అక్క నాకు తోబుట్టువేం కాదు. కొత్తకోడలిగా వచ్చినప్పుడు అక్కా అని పిలిచాను, అలాగే ఉండిపోయింది.

అందుకే గట్టిగా అడగలేకపోయాను. గ్లాసుడు బావినీళ్ళు ఇచ్చింది. ఎంత ఎండలోనైనా ఆ బావినీళ్ళు పళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉంటాయి. తాగేసి, కోపం సగంలోనే వదిలేసి వచ్చాను.

ఏప్రిల్ 11, ఉదయం 7

అక్క బకెట్ తెచ్చి మా గుమ్మంలో పెట్టింది. మీ రాణీగారు మా బావిలోకి వచ్చారు, జాగ్రత్తగా వెనక్కి పంపిస్తున్నానంది.

చూశాను. లేత గులాబీ నీళ్ళు. రాణీ రంగు. నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, అది నిన్నగాక మొన్న మా బానలో కలిపిందే. నేను కలిపిన రంగుని నేను ఎక్కడ చూసినా గుర్తుపడతాను. అక్క బావిలో చూస్తానని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

పిల్లలు తాగలేదులే అంది. తెల్ల కప్పులో పోస్తుంటే కనిపించిందట. ఆ మాట నవ్వుతూ చెప్పలేదు.

బకెట్ ఎత్తుకుని షెడ్డు వెనక్కి పరిగెత్తాను. 

ఏప్రిల్ 11, సాయంత్రం

ఎలా జరిగిందో పొద్దుటి నుంచీ అందరం అదే మాట్లాడుకుంటున్నాం. ఎలా జరిగిందో అందరికీ తెలుసు. షెడ్డు వెనక గొయ్యి ఉంది. రంగు వేశాక మిగిలిన నీళ్ళన్నీ అందులోకి పోతాయి, నేల తాగేస్తుంది. పాత గొయ్యి దూరంగా ఉండేది. పని పెరిగాక కొత్తది తవ్వించాను, దగ్గరైతే బానలు వంచడం తేలిక అని. గోడ పక్కనే. గోడకి అవతల బావి ఉందని నాకు తెలియదా? తెలుసు. నేల తాగేస్తుంది అనుకున్నాను. తాగిన నేల ఎక్కడ వదులుతుందో ఆలోచించలేదు.

అక్క ఫిర్యాదుకి ఏ ఆఫీసుకీ వెళ్ళనంది. వానల లోపు ఏదో ఒకటి చూసుకోమంది. వానలు పడితే గొయ్యి నిండి పొర్లుతుంది, ఇప్పుడు గులాబీగా ఉన్న బావి అప్పుడు సిరాబుడ్డి అవుతుంది, ఇక ఆ ఇంట్లో పిల్లలు ఉండరు. ఇదంతా వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పింది.

బావిలోకి రంగు రాకుండా ఆగేదాకా బానల కింద పొయ్యి వెలిగించనని నేను అందరి ముందూ అనేశాను. ఆవేశంలో అన్నాను. అన్నాక మా ఆయన మొహం చూశాను. ఆయన వ్యానులో నూలు వేసుకుని తిరిగే మనిషి. పొయ్యి వెలగకపోతే వ్యానూ కదలదు. షెడ్డులో పనిచేసే ఆరుగురి ఇళ్ళూ కదలవు.

కాసేపటికి మా ఆయన పక్కకి పిలిచి, అటువైపు కాలవలోకి పైపు వేయించేస్తే పోలా అన్నారు. ఒంటికాలి మీద లేచాను. ఆ కాలవ చివర ఎవరి బావీ లేదా అని అడిగాను. ఆయన పాపం, నేను నీ మంచికే చెప్పానన్నారు. తెలుసు. నన్ను ఒడ్డున పడేయాలనే చూశారు.

ఏప్రిల్ 12

బానలు చల్లారాయి. షెడ్డులో ఇంత నిశ్శబ్దం నా పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి.

ఏప్రిల్ 15

పొద్దునా సాయంత్రం అక్క వాళ్ళింటికి మా కుళాయి నీళ్ళు మోస్తున్నాను. పనివాళ్ళు మోస్తామన్నారు. వద్దన్నాను.

ఇవాళ ఇద్దరు తల్లులు పిల్లల్ని మాన్పించి వేరేచోట చేర్చారట. తప్పేముంది, నేనైనా అదే చేస్తాను. బిందె దించి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాను. ఇప్పుడైనా ఒక మాట అంటుంది, అంటే బాగుండు అనుకున్నాను. అక్క ఏడుస్తున్న ఒక పిల్లని తెచ్చి నా చంకన పెట్టి, కాస్త ఊపు, ఇది నీ కూతురి కంటే మొండిది అంది. ఊపాను. పిల్ల నా జాకెట్టు మీద చీమిడి తుడిచేసి నిద్రపోయింది. నా కళ్ళు కూడా అక్కడే తుడుచుకోవాల్సి వచ్చింది.

తిట్టి ఉంటే తిట్లకి తిట్లు సరిపోయేవి. ఈవిడ అలా ఎక్కడ సరిపోనిస్తుంది?

ఏప్రిల్ 17

నీళ్ళు శుభ్రం చేసే మెషిన్లు అమ్మే అతను వచ్చాడు. రంగుల బొమ్మల పుస్తకం చూపించాడు. ధర చెప్పాడు. ఆ ధరకి ఇలాంటి షెడ్డు ఇంకొకటి కట్టుకోవచ్చు. టీ ఇచ్చి పంపించాను.

సాయంత్రం అమ్మాయి ఫోన్. వాళ్ళ ల్యాబులో ఎవరో చేస్తున్నారట, మురికినీళ్ళలో రంగుని మునగగింజలతో దించడం. నన్ను ఆటపట్టిస్తోందనుకున్నాను. ఆ చెట్టంటే నాకు ఎంత పడదో దానికి తెలుసు కదా. కాదమ్మా నిజంగానే అంది. చెట్టు మీదే ఎండిపోయిన కాయలు కావాలట. గింజ పైపొట్టు తీసి, లోపలి తెల్ల పప్పు దంచి, ఉప్పునీళ్ళలో నానబెట్టి, గుడ్డలో వడకట్టి, ఆ నీళ్ళు రంగునీళ్ళలో పోసి కలపాలట. కనిపించనంత సన్నటి రంగు నలుసుల్ని ఆ రసం పట్టుకుని ముద్దలు చేస్తుందట, ముద్దలు అడుక్కి దిగిపోతాయట.

రంగులో వేసే ఉప్పుకి మా దగ్గర లోటు లేదు. వడకట్టడం మాకు కొట్టిన పిండి. కలపడమైతే చెప్పనే అక్కర్లేదు. అర్థమైంది అర్థమైంది అని ఫోన్ పెట్టేశాను.

పెట్టేశాక గుర్తొచ్చింది. ఎండిన కాయలు ఎవరి చెట్టుకి ఉన్నాయి?

ఏప్రిల్ 18

మొహం చెల్లకపోయినా వెళ్ళాను. అడిగాను. అక్క ముందు అర్థంకానట్టు చూసింది. అర్థమయ్యాక నవ్వింది చూడండి, గోడ పట్టుకుని, కడుపు పట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఏ చెట్టూ, ఈ చెట్టేనా అని నాలుగైదుసార్లు అడిగి మరీ చెప్పించుకుంది. చెప్పించుకోనీ. ఆ మాత్రం హక్కు ఉంది.

నిదానాన్ని పిలిచి కాయలు దింపించాను. నిదానం అంటే మా షెడ్డులో పనిచేసే ఆయన. వయసులో నా కంటే పెద్ద. అసలు పేరు జీతం ఇచ్చే రోజు తప్ప ఎవరికీ గుర్తుండదు. గడకర్ర ఎత్తడానికి ఒక పూట, దించడానికి ఒక పూట. నా తిట్లలో పెద్ద వాటా ఎప్పుడూ ఆయనకే. కింద రాలిన కాయలు పగలగొట్టి, రెక్కల గింజల్ని పిల్లలు ఏరి నా కొంగులో పోశారు. ఒకడు ఒకటి ముక్కులో పెట్టుకున్నాడు. అక్క తీసింది.

ఇంతకీ చెట్టు ఉంచమంటావా కొట్టించమంటావా అని వచ్చేటప్పుడు అడిగింది. నెత్తిన పెట్టుకుంటానని దండం పెట్టాను.

ఏప్రిల్ 20

గింజలు ఒలిచింది అత్తయ్య. ఆవిడకి కళ్ళు మసకలు. మొహం దగ్గర పెట్టుకుంటే గానీ ఎరుపో పచ్చో తెలియదు. కానీ వేళ్ళకి మసకలు రాలేదు. మేం ముగ్గురం కలిసి ఒలిచిన వాటికి రెండింతలు ఆవిడ ఒక్కతే ఒలిచింది.

ఈ షెడ్డు ఆవిడ పెట్టిందే. ఒక బానతో, ఒక కర్రతో మొదలుపెట్టింది. పనిలో చేరిన ప్రతివాళ్ళకీ మొదటిరోజు ఆవిడ చెప్పే పాఠం ఒక్కటే. కర్ర ఆగకూడదు. ఆగితే నూలు మీద మచ్చ పడుతుంది. పక్కన పిడుగు పడినా చెయ్యి తిరుగుతూనే ఉండాలి. నాకూ చెప్పింది, నా పెళ్ళయిన మూడోరోజునే. మెచ్చుకోవడం మాత్రం అరుదు. రంగు అనుకున్నట్టు కుదిరితే చిలపని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, బాగా వచ్చింది అంటుంది. ఆ మాట నాకు ఎప్పుడెప్పుడు దక్కిందో వేళ్ళ మీద చెప్పగలను.

ఇవాళ గొయ్యిలోని నీళ్ళు మూడు డ్రమ్ముల్లోకి తోడి, గింజల రసం పోసి, వంతులేసుకుని తిప్పాం. ఎక్కడా ఆపలేదు. చేతులు పడిపోయేలా తిప్పాం. నీళ్ళు ఎక్కడివక్కడే. రంగు దిగలేదు సరికదా, పైన నురగ.

ఏప్రిల్ 22

ఇంకా ఎక్కువ రసం పోశాం. ఇంకా గట్టిగా తిప్పాం. ఇప్పుడు రంగులో ఎవరో పాలు ఒలకబోసినట్టుంది. వాసన ఒకటి అదనం.

నేతపనివాళ్ళలో పాత ఖాతాదారు ఒకాయన వచ్చి తన నూలు వెనక్కి తీసుకెళ్ళాడు. వేరే షెడ్డులో వేయిస్తాడట. ఆయన తప్పులేదు, మగ్గం ఖాళీగా పెట్టుకోలేడు కదా. ఇంకో పదిరోజులు ఇలాగే ఉంటే మిగిలినవాళ్ళూ పోతారు. పోయినవాళ్ళు తిరిగి రారు.

ఆ కోపంలో ఉన్నాను. షెడ్డులోకి వెళ్ళేసరికి మూడో డ్రమ్ము దగ్గర నిదానం కర్ర పక్కన పెట్టేసి, గోడకి చేరబడి కూర్చున్నాడు. రసం పోసి నాలుగు తిప్పులు తిప్పాడో లేదో. అనకూడని మాటలన్నీ అన్నాను. పేజీ రాసే దాకా ఆగలేదు. ఆయన అంతా విని, చెయ్యి నొప్పెట్టిందమ్మా, కూర్చున్నాను అన్నాడు. లేచి, చెప్పులు వేసుకుని, ఎప్పటిలాగే మెల్లగా వెళ్ళిపోయాడు.

మిగతావాళ్ళు నా వైపు చూడకుండా మిగిలిన రెండు డ్రమ్ములూ చీకటిపడేదాకా తిప్పారు.

ఏప్రిల్ 23, ఉదయం 6

మూడో డ్రమ్ము అడుగు కనిపిస్తోంది.

ఏప్రిల్ 23, మధ్యాహ్నం

పొద్దున ఒక్క ముక్క రాసి పరిగెత్తాను. ఇప్పుడు రాస్తాను.

ఆ డ్రమ్ము అడుగున ఒక సొట్ట ఉంది, ఎప్పుడో లారీ మీంచి పడితే పడింది. ఆ సొట్ట కనిపించింది. దాని చుట్టూ మెత్తటి రంగుముద్ద, పైన నీళ్ళు పలచటి కొబ్బరినీళ్ళలా. చెయ్యి పెడితే గోళ్ళు కనిపించాయి. పక్కన రెండు డ్రమ్ములూ, మేం అంత కష్టపడి తిప్పినవి, నిన్న ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

రెండు వీధుల అవతల నిదానం ఇల్లు. వెళ్ళేసరికి గుమ్మంలో కూర్చుని పళ్ళు తోముకుంటున్నాడు. నన్ను చూసి లేవబోయాడు. పని మాన్పించడానికి వచ్చాననుకున్నాడట. వీధిలో అందరూ చూస్తుండగా క్షమించమని అడిగాను. నోరు కడుక్కుని, నిన్న నేనేం చేశానమ్మా అని అడిగాడు. కూర్చున్నావు అన్నాను. మూతి తుడుచుకుంటూ, అది నాకు బాగా వచ్చు అన్నాడు.

ఇద్దరం నవ్వుకుంటూ షెడ్డుకి నడిచాం. ఆయన నడకతో నడిచాను. ఆ వీధిలో ఒక పెద్ద కానుగచెట్టు ఉందని ఇన్నేళ్ళకి చూశాను.

తర్వాత అమ్మాయికి ఫోన్ చేశాను. అదే కదమ్మా చెప్పబోయాను, నువ్వు పెట్టేశావు అంది. పోయగానే కాసేపు గట్టిగా తిప్పాలట. ఆ తర్వాత చాలా మెల్లగా. ఆ తర్వాత అసలు ముట్టుకోకూడదట. రంగు నలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని ముద్ద కట్టే సమయం అది. అప్పుడు గట్టిగా తిప్పితే కట్టిన ముద్దలన్నీ చితికి మళ్ళీ నీళ్ళలో కలిసిపోతాయట. అంటే మేం మూడురోజులుగా చేసింది చేసి పాడుచేయడమే. బట్టలు ఉతికే మనుషులైనా, ఇంకెవరైనా ఈపాటికి అలసిపోయి వదిలేసేవాళ్ళు. మాకు ఆ అదృష్టం లేదు. కర్ర ఆగకూడదు కదా.

ఇవాళ అది మాట్లాడినంతసేపూ విన్నాను. ఫోన్ అదే పెట్టింది. హలో హలో ఉన్నావా అని మధ్యలో రెండుసార్లు అడిగింది, నమ్మకం కుదరక.

ఏప్రిల్ 28

నేర్చుకున్నవి. రసం ఏరోజుది ఆరోజే చేసుకోవాలి, మర్నాటికి కుళ్ళు కంపు. దిగిన నీళ్ళని అలాగే వదలకూడదు, వడకట్టాలి. కొబ్బరిచిప్పల బొగ్గు నలగ్గొట్టి, కింద ఇసుక, పైన కడిగిన వేరుశనగ పొట్టు పరిచి ఒక పాత బానని ఫిల్టర్ చేశాం. బొగ్గు ఇస్త్రీ బండి అతను కాల్చిపెట్టాడు. చివర వచ్చిన నీళ్ళు తాగడానికి కాదు. నూలు మొదటి జాడింపుకి వాడుతున్నాం. అడుగు ముద్దని పట్టా పరిచిన తొట్టిలో ఎండబెట్టి మూటకట్టి పెడుతున్నాం, నేల మీద ఒక్క చుక్క పడనివ్వడం లేదు.

గొయ్యి తోడేశాం. అడుగున రంగు పట్టిన మన్ను తవ్వి తీసి, కొత్త మట్టితో పూడ్చాం. మొదటి పార మా ఆయన వేశారు.

డ్రమ్ముల పెత్తనం నిదానానిది. ఆయన డ్రమ్ముల చుట్టూ గీత గీశాడు. నేను ఆ గీత దాటకూడదు.

ఇవాళ పొయ్యి వెలిగించాం.

మే 2

అన్ని రంగులూ దిగుతున్నాయి, ఒక్క ఆకాశనీలం తప్ప. అదేం పొడో, దాని తీరే వేరు. ఎన్ని గింజలు పోసినా నీళ్ళలోనే ఉండిపోతోంది. బొగ్గు సగం పట్టుకుంటోంది, సగం వదిలేస్తోంది. పోనీ ఏదో పక్క రంగు అనుకుందామా అంటే, అది అత్తయ్య నీలం. ఎన్నో పాళ్ళు మార్చి, ఎన్నో చిలపలు పాడుచేసుకుని ఆవిడ కుదిర్చిన నీలం. ఈ షెడ్డుని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు ఆ నీలం కోసమే వస్తారు.

మే 3

నీలం. మళ్ళీ. దిగలేదు.

మే 6

ఆవిడకి ఎలా చెప్పాలో తెలియక మూడురోజులు తప్పించుకు తిరిగాను. ఇవాళ ఆవిడే పిలిచి, నా నీలం సంగతేంటి అని అడిగింది. ఎవరో చెప్పే ఉంటారు. దిగడం లేదత్తయ్యా అన్నాను. ఎప్పటికీ దిగదా అంది. మాకు తెలిసిన దారిలో దిగదన్నాను.

పొడి డబ్బా తెమ్మంది. మూత తీసి, మొహం దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసింది. ఆ మసక కళ్ళకి ఎంత కనిపించిందో. అది పిల్లల బావిలోకి పోతుందా అని అడిగింది. పోతుందన్నాను. మరి ఇంకా ఏం ఆలోచిస్తున్నావు అంది, నన్నే కసిరినట్టు.

మూత ఆవిడే బిగించింది. చీర చెంగుతో డబ్బా తుడిచి నాకిచ్చింది. వెనక్కి తిరిగి పడుకుంది. నేను కాళ్ళ దగ్గర కూర్చున్నాను. కాసేపటికి, ఆ రంగు కుదిరిన రోజు మామయ్య ఏమన్నారో చెప్పింది. అది ఇక్కడ రాయను, అది ఆవిడది.

డబ్బాని రంగుల కొట్టు అతనికి తిరిగి పంపేశాను. నీలం కోసం వచ్చేవాళ్ళలో కొందరు వేరే రంగుకి ఒప్పుకున్నారు, కొందరు వెళ్ళిపోయారు. షెడ్డు మునుపటంత ఉండదు. ఉంటుంది, అది చాలు.

ఇన్నేళ్ళూ ఈవిడ నోటికి భయపడ్డాను. ఈవిడ కోడలిని అయినందుకు ఇవాళ మొదటిసారి గర్వపడ్డాను. ఇంత ఆలస్యం చేసినందుకు సిగ్గుపడ్డాను కూడా.

మే 16

అక్క బావికి మోటారు పెట్టి తోడుతున్నాం. తోడిన నీళ్ళు మా డ్రమ్ముల్లోకే. ఊరే కొద్దీ రంగు పలచబడుతోంది. అమ్మాయి వచ్చి సీసాల్లో శాంపిల్ పట్టుకెళ్ళింది. అక్కని చూడగానే పెద్దమ్మా అని వాటేసుకుంది. అక్క మాత్రం, మీ అమ్మ నీళ్ళు మోసీ మోసీ సన్నబడింది, ఇంకో నెల ఆగుదామా అంది.

అక్క దగ్గర నలుగురే పిల్లలు మిగిలారు.

మే 25

రిపోర్ట్ బాగుంది. కానీ అమ్మాయి వాళ్ళ సార్ ఒక మాట అన్నారట. గొయ్యి చుట్టూ మన్నులో పాత రంగు ఇంకా ఎంత ఉందో పైకి తెలియదు. మొదటి పెద్ద వాన పడి, మన్నంతా తడిస్తే, ఉన్నది బావిలోకి దిగుతుంది. ఆ తర్వాత కూడా నీళ్ళు బాగుంటేనే బాగున్నట్టు.

అయితే వాన పడ్డాకే పిల్లలకి తాగిస్తానంది అక్క. వానకి ముందు బాగుచెయ్యమన్నది, ఇప్పుడు వాన కోసమే ఎదురుచూస్తోంది. 

జూన్ 9

మబ్బు.

జూన్ 11, ఉదయం 6

రాత్రంతా కురిసింది. తలుపు తీసేసరికి గుమ్మంలో బకెట్. అదే బకెట్. అక్క పెట్టేసి వెళ్ళిపోయింది. గోడ అవతల పిల్లల్ని లోపలికి పిలుస్తున్న గొంతు వినిపిస్తోంది. ఏమీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు?

నేను చూడలేకపోయాను. వంగాలంటే నడుం వంగలేదు. నిదానం వచ్చాడు, గొడుగు ముడుస్తూ నా పక్కన నిలబడ్డాడు. ఆయనా చూడలేదు. నువ్వు చూడు నువ్వు చూడు అన్నట్టు ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం.

అత్తయ్య లోపలి నుంచి గోడ పట్టుకుని వచ్చింది. బకెట్ తడిమింది. నీళ్ళలో చెయ్యి పెట్టింది. ఏ రంగు అని అడిగింది.

అప్పుడు వంగి చూశాను. మబ్బు వెలుతురు, సరిగ్గా తెలియలేదు. తెల్ల పింగాణీ గిన్నె తెచ్చి అందులో పోశాను, నూలు జాడింపు నీళ్ళు చూసినట్టు. గిన్నె అడుగున సన్నటి బీట ఉంది. బీట కనిపించింది. బీట చివర వెంట్రుకంత చీలిక ఉంది, అదీ కనిపించింది.

ఏ రంగూ లేదత్తయ్యా అన్నాను.

సరిగ్గా చూడు అంది. చూశాను. లేదు అన్నాను. 

గిన్నె అందుకుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. అటు తిప్పి ఇటు తిప్పి, నూలు చిలపని చూసినట్టే చూసింది.

బాగా వచ్చింది అంది.

జూన్ 19

రిపోర్ట్ వచ్చింది. పిల్లలు తాగారు. నేనూ తాగాను. పళ్ళు జివ్వుమన్నాయి.

ఎర్ర చిలపల మీద మునగాకు రాలుతోంది. ఏరుకుంటున్నాను.